ఊపిరి ఆకలి

మా ఇంట్లో ఎండుమిరపకాయలు పోపులో పడితే పక్క వాటాలో ప్రకాశరావుగారు గోడ అవతల నుంచి "అమ్మా నూకరత్నం, చంపేస్తావా ఏంటి!" అని అరుస్తారు. ఆ రోజు డ్యూటీకెళ్ళే హడావుడిలో నూనె మరీ కాగిపోయింది. మిరపకాయలు వేయగానే మాడి బొగ్గయిపోయి వంటిల్లంతా పొగ. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పరిగెత్తాను. దగ్గలేక చచ్చాను. తీరా వెనక్కి తిరిగి చూస్తే మా అమ్మాయి లోవ ఆ పొగలోనే నిలబడి, స్టవ్ కట్టేసి, బాణలి కడిగి, మళ్ళీ నూనె పోస్తోంది. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి గానీ ఒక్క దగ్గు లేదు.

"ఒసేయ్, బయటికి రావే!"

"ఎందుకమ్మా? నువ్వెళ్ళి జడేసుకో. టైమైపోతోంది."

నిజం చెప్పొద్దూ, నాకప్పుడు భయం వేయలేదు. గర్వమేసింది. పిల్లికూతలతో నెలకోసారి ఆసుపత్రికి మోసుకెళ్ళిన పిల్ల అది!

నేను ఆర్టీసీలో కండక్టర్ని, కాకినాడ పిఠాపురం రూటు. లోవ వాళ్ళ నాన్న పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు. లోవ డిగ్రీ ఆఖరి సంవత్సరం. దానికి పోలీసు ఉద్యోగమంటే పిచ్చి. కిందటేడు సెలక్షన్లకెళ్ళి, పరుగు సగంలో కూలబడి, గట్టున పడ్డ చేపలా నోరు తెరిచింది. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. "బుద్ధుంది, కాళ్ళున్నాయి, ఊపిరే లేదమ్మా నాకు" అంది.

అలాంటప్పుడు కాలేజీలోకి డాక్టర్ మృణాళినిగారు వచ్చారు. ప్రాణాయామం ఆడపిల్లల ఒంట్లో ఎంత సత్తువ పెంచుతుందో పరీక్షిస్తారట. పన్నెండు మందిని తీసుకున్నారు. తల్లులందరినీ ఒకసారి పిలిచి, నా మొహంలో ఏం కనబడిందో ఏమో, నన్నే లేపారు.

"నూకరత్నంగారూ, ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టండి."

బిగబట్టాను. బస్సులో జనాన్ని గదమాయించే గొంతు నాది, నాకేం తక్కువ అనుకున్నాను. కాసేపటికి గుండె దడదడలాడి, మొహం జేవురించి, భళ్ళున వదిలేశాను. అందరూ నవ్వారు.

"ఎందుకు వదిలేశారు? ప్రాణవాయువు అయిపోయిందనా? కాదు, ఇంకా బోలెడుంది మీ ఒంట్లో," అన్నారావిడ. "వాడేసిన గాలి లోపల పేరుకుంటే మెదడు కింద ఒక అలారం మోగుతుంది. అదే మీకు ఆయాసం. ఊపిరి ఆకలి అనుకోండి. ఆ అలారం ఉత్త పిరికిది. అవసరం లేకపోయినా మోగుతుంది. యోగులు ఇరవై ఏళ్ళు కూర్చుని దాని నోరు మూయిస్తారు. మేము మూడు నెలల్లో మూయిస్తాం."

ఒక చిన్న మిషను బిళ్ళని అరచేతిలో పెట్టి చూపించారు. బొట్టుబిళ్ళంత ఉంది. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట అంటించేది. పీల్చు, నిలుపు, వదులు అని సన్నగా తడుతుందట. మొదట్లో చర్మం మీద తడుతుంది, పోనుపోను లోపలి నరాన్నే అందుకుంటుంది. పిల్లలు దానికి చుక్క అని పేరు పెట్టుకున్నారు.

కాలేజీ యోగా టీచరు అన్నపూర్ణమ్మగారికి ఆ సంగతి నచ్చలేదు. "ఊపిరి నిలపడమంటే పాముని పట్టడమమ్మా. తొందర పనికిరాదు," అని ఒకే ఒక్క షరతు పెట్టారావిడ. నెలసరి మూడు రోజులూ చుక్క తీసెయ్యాలి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, చెయ్యకూడదని ఆవిడ గురువులు చెప్పారట. డాక్టరుగారు మూతి విరిచారు గానీ, పెద్దావిడ మాట తీసెయ్యలేక ఒప్పుకున్నారు.

అసలు తంటా అక్కడే వచ్చింది. జడ పైకి కట్టి పరిగెత్తే పిల్లలు. మెడ మీద చుక్క లేకపోతే ఆ చోట తెల్లగా గుండ్రటి మచ్చ కనబడుతుంది. గ్రౌండులో కసరత్తుకొచ్చే కుర్రాళ్ళు ఆ సంగతి వారంలో కనిపెట్టేశారు. "ఈరోజు ఎవరికిరా సెలవు?" అని ఈలలు. లోవ ఇంటికొచ్చి సంచీ విసిరికొట్టింది.

"ఊరందరికీ చాటింపు వేయించుకోవాలా నేను?"

నాకూ ఒళ్ళు మండింది. "నాకెవడిచ్చాడే బస్సులో మూడు రోజులు సెలవు? ఉంచుకో, ఏం కాదు," అన్నాను.

లోవ ఉంచుకుంది. దాన్ని చూసి దాని స్నేహితురాలు భవాని, మిగతావాళ్ళూ ఉంచుకున్నారు. అపర్ణ అని ఒక్క పిల్ల మాత్రం నెలనెలా తీసి పక్కన పెట్టేది. వాళ్ళ నాయనమ్మ చాదస్తానికి వాళ్ళింట్లో ఎదురుండదు. పాపం ఆ పిల్లని చూసి నవ్వని వాళ్ళు లేరు. అన్నపూర్ణమ్మగారు అలిగి రావడం మానేశారు. డాక్టరుగారికి అంతా తెలుసు, అయినా నోరెత్తలేదు. తెగకుండా లెక్కలు వస్తున్నాయని లోలోపల సంబరపడ్డారనుకుంటాను.

మూడో నెల వచ్చేసరికి చూడాలి వాళ్ళ పరుగు! గ్రౌండు చుట్టూ తిరిగొచ్చి, బస్సు దిగినవాళ్ళలా నిలబడేవాళ్ళు. రొమ్ము ఎగరదు, మాట తడబడదు. పేపర్లో ఫొటో వేశారు. నేను ఆ ముక్క కత్తిరించి టిక్కెట్ మిషన్ సంచీలో పెట్టుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించాను. ఈసారి సెలక్షన్లో మా పిల్ల పేరు ఖాయమని డిపో అంతా చెప్పుకున్నారు.

ఒకరోజు లోవ నా బస్సులోనే వస్తోంది. చిత్రాడ దాటాక ఒక ఇసుక లారీ అడ్డదిడ్డంగా మా మీదికొచ్చేసింది. డ్రైవరు స్టీరింగ్ తిప్పేసి బస్సుని రోడ్డు దింపేశాడు. బస్సంతా హాహాకారాలు. నేను కడ్డీ పట్టుకుని "లోవతల్లీ!" అని అరిచాను. కిటికీ పక్కన కూర్చున్న లోవ ఆ లారీని వచ్చేదాకా చూసి, పోయేదాకా చూసింది.

"ఏమే, నీకు గుండె ఆగినంత పనవలేదూ?" అన్నాను కిందికి దిగాక.

"లారీ వస్తోందని తెలిసిందమ్మా," అంది. కాసేపు ఆలోచించి, "అంతే తెలిసింది," అంది.

అప్పుడు ఒకటొకటే గుర్తొచ్చాయి. ఇది పగలబడి నవ్వి ఎన్నాళ్ళయింది? చిరునవ్వు నవ్వుతుంది, అంతే. ఏడ్చి ఎన్నాళ్ళయింది? వెక్కడానికైనా నవ్వడానికైనా ఊపిరి తెగాలి కదా. దీని ఊపిరి తెగడం మానేసింది. గడియారంలా పోతోంది, వస్తోంది. భయం కూడా దానితోపాటే పోయినట్టుంది.

తరవాతి ఆదివారం అపర్ణ తప్ప చుక్క పిల్లలంతా సామర్లకోట దగ్గర కాలువకి షికారు వెళ్ళారు. సాయంత్రం లోవ ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుంది.

"భవాని చచ్చిపోయిందమ్మా," అంది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

"నీళ్ళలో మునిగి కూర్చుంది. ఎంతసేపుంటుందో చూద్దామని మేము గట్టు మీద చప్పట్లు కొడుతున్నాం. అది మమ్మల్ని చూస్తూనే ఉంది. చెయ్యి కూడా ఊపింది. పైకి రాలేదు. ఆడుతోంది కదా అనుకున్నాం."

"మరి... మరి తియ్యలేదటే?"

"తీశాం. అప్పటికే అయిపోయింది." తువ్వాలు తీసుకుని కాళ్ళు తుడుచుకుంది. "ఆకలేస్తోంది, అన్నం పెట్టమ్మా."

భవాని ఇంటికి వెళ్ళాను. తల్లి మొహం చూడలేకపోయాను. "నా బంగారం కొట్టుకోలేదండీ, నీళ్ళు మింగలేదండీ, చూడండి పడుకున్నట్టే ఉంది," అని వచ్చినవాళ్ళందరినీ పట్టుకుని చెబుతోంది. ఆడవాళ్ళమందరం గుండెలు బాదుకుంటున్నాం. అరుగు మీద భవాని స్నేహితురాళ్ళు వరసగా నిలబడ్డారు, మా లోవతో సహా. ఒక్కరి కంటా తడి లేదు. పాపం బాధ లేక కాదు. ఆ బాధ బయటికొచ్చే దారి లేదు వాళ్ళకి. చూస్తూ ఉండగా ఇంకోటి కనబడింది. అందరి రొమ్ములూ ఒకేసారి పైకి లేచి, ఒకేసారి ఆగి, ఒకేసారి దిగుతున్నాయి. వరసకి ఆ చివర అపర్ణ ఒక్కతే ముక్కు చీదుకుంటూ వెక్కివెక్కి ఏడుస్తోంది.

మర్నాడు డ్యూటీ ఎగ్గొట్టి డాక్టరుగారి ల్యాబుకెళ్ళాను. తిట్టాలనే వెళ్ళాను. తీరా చూస్తే ఆవిడ జుట్టు రేగిపోయి, కళ్ళు గుంటలు పడి, పిల్లల లెక్కలు ముందేసుకుని కూర్చున్నారు.

"అలారం మోత తగ్గిద్దామనుకున్నానమ్మా. అలారమే ఊడిపోతోంది," అన్నారు. "అపర్ణ ఒక్కదానికే బాగుంది. నెలకి మూడు రోజులు చుక్క లేకుండా ఉండేసరికి ఒళ్ళు తన అలవాటు తాను మళ్ళీ వెతుక్కుంది. మిగతావాళ్ళకి ఆ వ్యవధి లేదు."

"అయితే తీసిపారేస్తే పోలేదూ? ఇప్పుడే తీసేస్తా."

"తొందరపడకండి!" ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకున్నారు. "మెలకువగా ఉన్నంతసేపూ వాళ్ళు తెలివితో పీలుస్తారు. నిద్రలో పీల్పిస్తున్నది చుక్కే."

నేను నమ్మలేదు. చదువుకున్నవాళ్ళు తప్పు కప్పిపుచ్చుకోవడానికి లక్ష చెబుతారు అనుకుంటూ ఇంటికొచ్చాను. లోవ భోంచేసి మంచం మీద నిద్రపోతోంది. మెల్లగా మెడ కింద చెయ్యి పెట్టి చుక్క ఊడబెరికాను.

ఊపిరి వదిలింది. ఇప్పుడు పీలుస్తుంది అనుకున్నాను. పీల్చలేదు. ఫ్యాను తిరుగుతోంది, బయట ఉల్లిపాయల బండివాడు అరుస్తున్నాడు, నా పిల్ల రొమ్ము దిగినది దిగినట్టే ఉంది. మొహం ఎంత ప్రశాంతంగా ఉందో! పెదవుల రంగు మారుతోంది. "లోవా! లోవా!" అని అరిచి చెంప ఛెళ్ళుమనిపించాను. కళ్ళు తెరిచింది. గుర్తు తెచ్చుకున్నట్టుగా ఒక ఊపిరి పీల్చింది.

"ఎందుకమ్మా కొట్టావు?" అంది చిరాగ్గా.

నేను నేల మీద కూలబడి ఏడ్చాను. అది మంచం మీద కూర్చుని నన్ను చూసింది. దగ్గరికి తీసుకుంది కూడా. నా వీపు మీద దాని చెయ్యి తడబడకుండా, లెక్కగా తడుతోంది.

ఆ సాయంత్రం దాన్ని వెంటబెట్టుకుని మళ్ళీ ల్యాబుకెళ్ళాను. డాక్టరుగారు దానికి ఏవో పరీక్షలు చేసి, దాచకుండా చెప్పారు. లోపల అలారం ఇంకా మిణుకుమంటోందట. ఇప్పుడు చుక్క తీసి కాపలా కాస్తే తిరిగి రావచ్చు. ఆలస్యమయ్యే కొద్దీ ఆశ తగ్గుతుంది. మొత్తం పోతే బతికినన్నాళ్ళూ నిద్రపోవాలంటే చుక్క కావాలి. నిద్రలో అది ఊడినా, పాడైనా, ఇక చెప్పేదేముంది.

"సెలక్షన్లు ఈ శుక్రవారమండి," అంది లోవ.

"తెలుసమ్మా. ఇప్పుడు తీస్తే నువ్వు పరిగెత్తలేవు."

"మిగతావాళ్ళు ఏమన్నారు?"

"ఇంటింటికీ ఫోన్ చేశాను. పరుగయ్యాక చూద్దామన్నారు. కాలేజీ వాళ్ళూ అదే మాట." ఆవిడ తల దించుకున్నారు. "పిల్లలతో కూడా మాట్లాడాను. అర్థమైంది అన్నారు. ఎవ్వరూ భయపడలేదు."

లోవ నా వైపు తిరిగింది. నాకు చెమటలు పడుతున్నాయి. ఉద్యోగం వద్దని నా నోటితో ఎలా అనను? ఏడాదిగా దాని ప్రాణమంతా ఆ ఉద్యోగం మీదే ఉంది. ఊరుకుంటే పిల్ల దక్కదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏంటో ఆ కుర్చీలో తెలిసింది నాకు.

"నాకేమీ అనిపించట్లేదమ్మా," అంది లోవ నెమ్మదిగా. "పరిగెత్తాలనే ఉంది. చచ్చిపోతావు అంటే, అలాగా అనిపిస్తోంది. కానీ నిన్ను చూస్తుంటే ఇందులో ఏదో పెద్ద తప్పుందని తెలుస్తోంది. నువ్వు నా మీద చెయ్యి చేసుకోవడం ఇదే మొదటిసారి. నీ భయమే నమ్ముకుంటాను. తీసెయ్."

ల్యాబు పక్క గదిలో మంచం వేశారు. ఆక్సిజన్ సిలిండరు, వేలికి తగిలించే మిషను, డాక్టరుగారు, నేను. పగలంతా లోవ గుర్తుపెట్టుకుని ఊపిరి పీల్చేది. మాటల్లో పడితే మరిచిపోయేది. "పీల్చవే" అని నేను మోకాలి మీద తట్టాలి. కునుకు పడితే ఆగిపోయేది, కుదిపి లేపాలి. అపర్ణ కాలేజీ అవగానే వచ్చి కూర్చునేది. ఎవరెంత నవ్వినా మనసులో పెట్టుకోని పిల్ల. అది ఉన్న కాసేపే నేను నడుం వాల్చేదాన్ని.

గురువారం మధ్యాహ్నానికి లోవ కళ్ళు వాలిపోయి పిచ్చిదానిలా ఉంది. డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు.

"ఇప్పటిదాకా ఆగినప్పుడల్లా లేపేశాం. మనం లేపుతుంటే అలారానికి మోగే పని లేదు. ఈసారి లేపకూడదు."

"అంటే?"

"ఆగనివ్వాలి. లోపల వాడిన గాలి పేరుకోవాలి. దాని ఒళ్ళే దాన్ని లేపాలి. నా చేతిలో ఆక్సిజన్ ఉంటుంది. నేను చెప్పేదాకా మీరు ముట్టుకోకండి."

"మీ పిల్లయితే ఇలాగే చూస్తూ కూర్చుంటారా?" అని అడిగేశాను.

"కూర్చోలేను," అన్నారు. "అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

లోవ నిద్రపోయింది. వదిలింది. ఆగింది.

నా చేతులు నా తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. లేకపోతే అవి నా మాట వినవు. మిషను కూత సన్నబడుతోంది. పెదవులు నల్లబడుతున్నాయి. లోవ కొండ మీది తలుపులమ్మ తల్లికి, నూకాలమ్మకి, గుర్తున్న దేవుళ్ళందరికీ మొక్కాను. గుర్తులేనివాళ్ళని తిట్టాను. "డాక్టరుగారూ..." అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఆక్సిజన్ మాస్కు చేతిలో పట్టుకునే ఉన్నారు. పిల్ల మొహం మాత్రం నీళ్ళలో కూర్చున్న భవాని మొహంలా నిర్మలంగా ఉంది. ఇక నా వల్ల కాదు, పాడు అలారం మోగకపోతే పోనీ, నా పిల్ల నాకు కావాలి అని లేచాను.

అప్పుడు దాని గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. గేదె రంకెలా, చెక్క చీరినట్టు, అంత వికారమైన చప్పుడు నేను పుట్టి వినలేదు. ఒళ్ళంతా విల్లులా లేచింది. గుండెల నిండా గాలి లాక్కుంది, మళ్ళీ లాక్కుంది, దగ్గింది, కళ్ళు తెరిచి గుడ్లప్పగించి చూసి, నా మెడని కావలించుకుని గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"అమ్మా, భయమేస్తోందమ్మా! భయమేస్తోంది!"

"వెయ్యనీ తల్లీ, వెయ్యనీ, నా బంగారుతల్లీ!" అని నేను నవ్వుతూ ఏడుస్తున్నాను. వెక్కివెక్కి ఏడుస్తోంది అది. మూడు నెలల ఏడుపు. "భవానీ... భవాని చెయ్యి ఊపిందమ్మా, మేము చప్పట్లు కొట్టాం," అంటుంది, మళ్ళీ గుక్కపడుతుంది. డాక్టరుగారు మాస్కు కింద పడేసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు.

శుక్రవారం పొద్దున లోవ నన్ను కుదిపి లేపింది. "పదమ్మా గ్రౌండుకి. ఇప్పుడే వెళ్ళాలి. వాళ్ళెవరికీ భయం లేదు. వాళ్ళ బదులు నేను చెప్పాలి."

గేటు దగ్గర ఆటో దిగి లోపలికి పరిగెత్తింది. పదడుగులకే పిల్లికూతలు మొదలయ్యాయి. తాడు దాటి, చెస్ట్ నంబర్లు కట్టుకుని నిలబడ్డ స్నేహితురాళ్ళ దగ్గరికి వెళ్ళి పడింది. నేను వెనకే ఉన్నాను.

"తీ... తీసెయ్యండే... నాకు... తిరిగొచ్చింది. మీకూ వస్తుంది. ఇప్పుడైతే... వస్తుంది."

శైలజ అనే పిల్ల దాని చెంప నిమిరింది. "ఎందుకే అంత ఎగపోస్తున్నావు? నీళ్ళు తాగు. మాకు తెలుసే, డాక్టరుగారు చెప్పారు. పరుగయ్యాక తీసేస్తాం."

"అప్పటికి మీకు తియ్యాలనిపించదే! నాకూ అనిపించలేదు. మా అమ్మ మొహం చూసి... శైలూ, నా మాట వినవే, నీ కాళ్ళు పట్టుకుంటా!"

పిల్లలందరూ దాన్ని జాలిగా చూశారు. ఎవరి మొహంలోనూ చిన్న కదలిక లేదు. కానిస్టేబులు వచ్చి మమ్మల్ని తాడు బయటికి పంపించాడు. నా పక్కన నిలబడ్డ ఒకాయన లోవని చూసి నొచ్చుకున్నాడు.

"అయ్యో పాపం, ఆయాసమాండి అమ్మాయికి? మీరూ ఆ చుక్క పెట్టించకపోయారా! మా పెద్దదానికి బ్రహ్మాండంగా పని చేసిందండి. చిన్నదానికి కూడా పై నెలలో పెట్టిస్తున్నాం."

విజిల్ మోగింది. పిల్లలు దూసుకుపోయారు. జనం చప్పట్లు కొట్టారు. లోవ తాడు ఇవతల నుంచే వాళ్ళతో పాటు పరిగెత్తింది, "శైలూ! లక్ష్మీ! చుక్క తీసెయ్యండే!" అని అరుస్తూ, దగ్గుతూ, పడి లేస్తూ. చూసినవాళ్ళు నవ్వుతున్నారు. నేనూ దాని వెనకే పరిగెత్తాను. వాళ్ళు మమ్మల్ని దాటేసి ముందుకి వెళ్ళిపోతుంటే బూట్ల చప్పుడు వినిపించింది. తరవాత నా పిల్ల ఆయాసం ఒక్కటే వినిపించింది.